కోట వీధి పక్క సందులో కుళాయి ఎక్కడుండేది? వన్ టౌన్ పాతవాళ్ళు చెప్పాలి

కోటవీధి_కుర్రాడు
విశాఖ వన్ టౌన్‌లో పుట్టి పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే మా ఇంట్లో ఒక తగువు తీర్చి పెట్టాలి. కోట వీధి దాటి బురుజుపేట వైపు వెళ్తుంటే ఒక సన్న సందు ఉండేది. ఒకవైపు వరసగా తొమ్మిది పెంకుటిళ్ళ వాటాలు, రెండోవైపు ఒక పాత మేడ వెనక గోడ. రెండు సైకిళ్ళు ఎదురైతే ఒకటి ఆగాల్సిందే. సందు మొత్తానికి ఒకటే వీధి కుళాయి. అది సందు మొదట్లో ఉండేదా, చివర్లో ఉండేదా?

ఎందుకు అడుగుతున్నానంటే, మా నాన్న డాక్‌లో కలాసీగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు ఎనభై మూడేళ్ళు. మధురవాడలో మా ఫ్లాట్‌లోనే ఉంటాడు. ఏడాదిగా మతిమరుపు. పొద్దున్న ఏం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండదు కానీ తెల్లవారుజామున నాలుగింటికి ఠంచనుగా లేచి వంటింట్లో గిన్నెలు కదుపుతాడు. "కుళాయి ఒచ్చీసిందేటి?" అంటాడు. వచ్చింది, పట్టేశాం అంటే పడుకుంటాడు. రాలేదంటే వీధి తలుపు గడియ తీస్తాడు. మా ఆవిడకి రోజూ అదే టెన్షన్, ఎక్కడ మెట్లు దిగి వెళ్ళిపోతాడో అని.

మొన్న ఆదివారం కారులో తీసుకెళ్ళాను, చూస్తే కాస్త కుదుటపడతాడేమో అని. ఆ తొమ్మిది ఇళ్ళలో ఒక్కటీ లేదు, అన్నీ మూడంతస్తులు లేచాయి. నాన్న కారు దిగి ఎవరినీ అడక్కుండా సందు చివరిదాకా నడిచాడు. గోడ వారన ఎవరిదో స్కూటీ ఉంది, దాని పక్కన ఆగి "ఇక్కడే" అన్నాడు. నాకు తెలిసి కుళాయి సందు మొదట్లో, కిళ్ళీకొట్టు పక్కన. నేను 1975లో పుట్టాను, పదో తరగతి దాకా రోజూ అక్కడే నీళ్ళు పట్టాను. "అక్కడ కాదు నాన్నా, ఇటు" అన్నాను. "నువ్వెవరి అబ్బాయివి బాబూ? ఈ సందువోడివి కావేటి?" అన్నాడు.

ఆయన మతిమరుపు వల్ల అన్నాడా, నేనే మర్చిపోయానా, అది తేలాలి.

విశాఖ_ఉప్పుగాలి
కిళ్ళీకొట్టు పక్కనే. అనుమానమే లేదు. ఆ కొట్టులో గోళీసోడా తాగి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నవాణ్ణి.

పునుగుల_ప్లేటు
కుళాయి సంగతి తెలీదు గానీ, ఆ కిళ్ళీకొట్టు ఎదురుగా సాయంత్రం పూట ఒక మామ్మ పునుగులు వేసేది. విస్తరాకు ముక్కలో ఎనిమిది పునుగులు, మీద అల్లం పచ్చడి. అది గుర్తుందా ఎవరికైనా?

విశాఖ_ఉప్పుగాలి
అల్లం పచ్చడి ఏంటి గురూ, ఉల్లిపాయ కారం. నువ్వు వేరే మామ్మ దగ్గర తిన్నావు.

పునుగుల_ప్లేటు
మామ్మల్ని మార్చే అలవాటు మా వంశంలో లేదు.

రాణిబొమ్మ
మాది పక్క వీధి. మా పెద్దమ్మ వాళ్ళది మీరు చెప్పే సందే అనుకుంటున్నాను. కుర్రాడు గారూ, ఒక్క మాట నిజం చెప్పండి. రోజూ నీళ్ళు పట్టానన్నారు. మీరు పట్టారా, మీ అప్ప, అదే మీ అక్క, పడితే మీరు మోశారా? ఎందుకంటే మా పేటలో కుళాయి ఆడవాళ్ళ పని. మగవాళ్ళు అటు వస్తే మొహం కడుక్కోవడానికే వచ్చేవారు, అది కూడా వరసని తోసుకుని.

ఇప్పటివాళ్ళకి ఆ వరస అంటే ఏమిటో తెలీదు కాబట్టి చెబుతాను. రాత్రి రెండో ఆట సినిమా వదిలేలోపే బిందెలు పెట్టేయాలి. మంచి బిందె పెడితే పొద్దుటికి ఉండదు. అందుకని సొట్టలు పడ్డ సత్తు తప్పేళా, మూతి పగిలిన కుండ, ఆఖరికి ఇటుక ముక్క. ఇటుక పెట్టినా వంతు వంతే. ఇటుకకీ మనిషికీ ఒకటే మర్యాద. మా పెద్దమ్మ తన ఇటుక మీద సుద్దతో గుర్తు పెట్టేది. ఒకసారి ఎవరో తడిచేత్తో ఆ గుర్తు చెరిపేశారు. ఆ గొడవ సంక్రాంతికి మొదలైతే ఉగాదికి కూడా తెగలేదు.

ఇంకో సంగతి. అందరూ మొదటి వంతు కోసం కొట్టుకునేవారు అనుకుంటారు. కాదు. నాలుగింటికి కుళాయి ముందు బుస్సుమని గాలి వదిలేది, తర్వాత దగ్గేది, తర్వాత తుప్పునీళ్ళు. మొదటి రెండు బిందెలూ వాకలి కడగడానికే పనికొచ్చేవి. కాబట్టి మూడో వంతు కోసం కొట్టుకునేవాళ్ళం. మొదటి రెండూ కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి వదిలేసేవారు, పాపం వాళ్ళకి తెలీదుగా.

ఎండాకాలంలో ముడసర్లోవ, తాటిపూడి రిజర్వాయర్లు అడుగంటితే రోజు విడిచి రోజు. అప్పుడు ఇటుకలు రెండు రోజులు కాపలా కాసేవి.

కోటవీధి_కుర్రాడు
రాణిబొమ్మ గారూ, దొరికిపోయాను. మా అప్పే పట్టేది. నేను మోసేవాణ్ణి. అది కూడా చిన్న బిందె.

ఫెర్రీరోడ్డు_బావ
ఇంత నిజాయితీ ఉన్నవాడు వన్ టౌన్ వాడే. నమ్మొచ్చు.

జలదుర్గ_33
కుళాయికి టైము ఎలా తెలిసేదో ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో గడియారం లేదు. మూడు కొండలూ పక్కపక్కనే కదా. దర్గా కొండ నుంచి అజా, రోస్ హిల్ చర్చి గంట, వెంకటేశ్వరస్వామి కొండ మీద మైకు. ఒకటి మిస్సయినా రెండోది లేపేది. ఆ తర్వాత షిఫ్టు సైరన్. అది కూయగానే క్యారేజీలు చేతపట్టుకుని జనం ఫెర్రీ రోడ్డు వైపు కదిలేవారు, పడవ దాటితే అవతల షిప్‌యార్డు.

అసలు మన పేటల్లో ఇంత కూలి జనం నిండింది పోర్టు వల్లే. 1933 అక్టోబరులో మొదటి ఓడ లోపలికొచ్చింది, దాని పేరే నేను పెట్టుకున్నాను. డిసెంబరులో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా తెరిచాడు. మధ్యపరగణాల మాంగనీసు బయటికి పంపడానికి ఈ హంగంతా. అలల తాకిడి ఆపడానికి రెండు పాత ఓడల్ని తెచ్చి కావాలనే ముంచి అడ్డుకట్ట వేశారు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ షిప్‌యార్డు మొదలుపెట్టాడు. 1948 మార్చిలో నెహ్రూ వచ్చి జలఉష ఓడని నీళ్ళలోకి దించాడు, మా తాత ఆ జనంలో నిలబడి చెప్పు పోగొట్టుకున్నాడు. ఒకటే పోయింది. రెండోది చాలాకాలం దాచాడు, దొరుకుతుందేమో అని.

పునుగుల_ప్లేటు
కుళాయి ఎక్కడ అని అడిగితే ఓడలు ముంచేశాడు బాబూ ఈయన.

జలదుర్గ_33
ముంచింది నేను కాదు.

కవ్వళ్ళపులుసు
మూడో వంతు సంగతి నిజం. మా అమ్మ జాలారిపేట నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఆ సందులన్నీ తిరిగి చేపలు అమ్మేది. నెత్తళ్ళు, కవ్వళ్ళు, అదృష్టం బాగుంటే కోనాం ముక్కలు. కుళాయి దగ్గరే గంప దించేది. ఆడవాళ్ళంతా ఒకచోట దొరుకుతారు కదా. బేరం పూర్తయ్యేసరికి వరస కలిసిపోయి మళ్ళీ గొడవ. మా అమ్మ నోట్లో చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూనే తిట్టేది. ఒక్క తిట్టూ తడబడేది కాదు, ఒక్క నిప్పురవ్వా బయటికి రాలేదు. చివరికి అంగిట్లో పుండు అయ్యింది. ఆంధ్రా మెడికల్ కాలేజీ డాక్టర్లు ఈ అడ్డపొగ వల్ల అంగిలికి వచ్చే జబ్బు గురించి చాన్నాళ్ళ క్రితమే రాశారట. మా గంపల దాకా ఆ కాగితాలు రాలేదు.

తెల్లచొక్కా
నేను ఈ పాతరోజుల భజనలో కూర్చోలేను. క్షమించాలి.

ఆ సందులు అంత బాగుంటే మనమంతా ఎందుకు వచ్చేశాం? బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం దిగేది, బొగ్గు దిగేది. గాలి ఎటు తిరిగితే ఊరు ఆ రంగు. దండెం మీద చొక్కా ఆరేస్తే ఒక రోజు గులాబీ రంగు, ఒక రోజు బూడిద రంగు. బడిలో మాస్టారు "తెల్లచొక్కా అంటే తెలుసా నీకు" అని రోజూ అడిగేవారు, అందరూ నవ్వేవారు. అప్పటి నుంచి నా పేరు అదే. మా అమ్మ అన్నం గిన్నె మీద తడిగుడ్డ కప్పేది. సాయంత్రానికి గుడ్డ మీద వేలితో పేరు రాయొచ్చు. మా తమ్ముడు ముక్కు చీదితే నల్లగా వచ్చేది, అది మామూలే అనుకునేవాళ్ళం. వేరే ఊళ్ళో పిల్లలకి తెల్లగా వస్తుందని తెలీదు. ఎక్కడి దుమ్మో మీకందరికీ తెలుసు, పేర్లెందుకు.

మా నాన్న యాభై నాలుగేళ్ళకే దగ్గుతూ పోయాడు. 1992లో మేం సీతమ్మధార మారాం. మొదటి రాత్రి మా అమ్మ కిటికీలన్నీ తెరిచి, నేల మీద చెయ్యి రాసి చూసుకుంది. పొద్దున్న లేచి మళ్ళీ రాసి చూసుకుంది. మీ పునుగులు మీరు తినండి.

విశాఖ_ఉప్పుగాలి
కాదనను. కానీ ఆ సందులో ఒకళ్ళకి జ్వరం వస్తే తొమ్మిది ఇళ్ళ నుంచి జావ వచ్చేది. సీతమ్మధారలో నీ పక్క ఫ్లాట్ వాడి పేరు తెలుసా?

తెల్లచొక్కా
తెలుసు. మెయింటెనెన్స్ ఎగ్గొడతాడని అసోసియేషన్ వాళ్ళు లిఫ్ట్‌లో అంటించారు.

పునుగుల_ప్లేటు
ఒక పాయింటు తెల్లచొక్కాకి.

రెల్లివీధి_మనవడు
చదువుతున్నాను రెండు రోజులుగా. రాయకూడదనుకున్నాను.

మా నాన్నమ్మ మీ సందుల్లో పనిచేసింది. వెనక సందులోంచి వచ్చి, మీ దొడ్లు శుభ్రం చేసి, ఆ తట్ట నెత్తిన పెట్టుకుని పోయేది. మనిషి చేత ఆ పని చేయించకూడదని చట్టం వచ్చింది 1993లో. ఆవిడ నడుం అప్పటికే వంగిపోయింది. ఎండాకాలంలో కొన్నిసార్లు నన్ను వెంట తీసుకెళ్ళేది. దాహం వేస్తే కుళాయికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎవరైనా చూసేదాకా ఆగి, వాళ్ళు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేది. కుళాయి ఖాళీగా ఉన్నా ముట్టుకునేది కాదు. నేను ఒకసారి వెళ్ళి తిప్పబోతే చెయ్యి మీద కొట్టింది. ఆవిడే కొట్టింది, మీరెవరూ కాదు.

ఇటుకకీ మనిషికీ ఒకటే మర్యాద అని రాశారు రాణిబొమ్మ గారు. మా వరకు ఇటుకే నయం. దానికి వంతు ఉంది.

తర్వాత ఆవిడ పూర్ణా మార్కెట్ బయట సీతాఫలాలు అమ్మింది. అవి మాత్రం అందరూ కొన్నారు, చేత్తో నొక్కి చూసి మరీ.

గాజువాక_గాలిపటం
ఇప్పుడు ఇవన్నీ తవ్వడం ఎందుకండీ, మంచి థ్రెడ్ నడుస్తుంటే.

తెల్లచొక్కా
గాలిపటం, ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా నాకు నచ్చిన పోస్టు అదొక్కటే. ఉంచు.

రాణిబొమ్మ
మనవడు గారూ, మీరు రాసింది నిజం. పైనుంచి పోసినవాళ్ళలో మా పెద్దమ్మ ఉంది. నేనూ పోశాను, పదేళ్ళప్పుడు, చెంబుతో. ఎత్తుగా పట్టుకుని పోయమని నేర్పారు, అలాగే పోశాను. వరస గురించి అంత పొడుగు రాసినదాన్ని, ఆ చెంబు నాకు గుర్తే రాలేదు.

రెల్లివీధి_మనవడు
మీరు ఒప్పుకున్నారు, చాలు. కుర్రాడు గారూ, మీ ప్రశ్నకి నా జవాబు: నాకు గుర్తున్న కుళాయి కూడా సందు మొదట్లోనే. కానీ నేను చూసింది 1985 తర్వాత.

కోటవీధి_కుర్రాడు
థాంక్స్ అన్నా. ఆ మాట వేరే రకంగా రాయాలని రెండుసార్లు టైప్ చేసి తీసేశాను.

ఫెర్రీరోడ్డు_బావ
మీ నాన్నగారికి ఎనభై మూడంటే 1942 పుట్టుక. జపాన్ వాళ్ళు ఇక్కడ బాంబులేసిన ఏడు కదా?

కోటవీధి_కుర్రాడు
అవును. ఏప్రిల్ 6న బాంబులు పడ్డాయి, మా నాన్నమ్మ నిండు నెలలతో చీపురుపల్లి వైపు బంధువుల ఇంటికి పారిపోయింది. నాన్న అక్కడే పుట్టాడు. అందుకే కోపం వస్తే మా నాన్నమ్మ ఆయన్ని "జపానోడా" అని తిట్టేది.

జలదుర్గ_33
1971లో కూడా అలాగే సగం ఊరు ఖాళీ అయ్యింది. డిసెంబరు 3 రాత్రి దాటాక సముద్రం వైపు పెద్ద పేలుడు, మా పెంకులు నాలుగు జారాయి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిందని తర్వాత తెలిసింది. మా నాన్న మాత్రం ఇల్లు కదల్లేదు. కిటికీలకి నల్లకాగితం అంటించి, "అందరూ ఊళ్ళకి పోయారు, కుళాయి దగ్గర వరస లేదు, ఇంత సుఖం మళ్ళీ దొరకదు" అన్నాడట.

పునుగుల_ప్లేటు
మళ్ళీ ఓడ ముంచాడు చూశారా.

బురుజుపేట_గురువారం
మార్గశిర మాసం గురువారాలు ఎవరూ ఎత్తలేదేం? కనకమహాలక్ష్మి అమ్మవారికి నెత్తి మీద గోపురం ఉండదు, ఎండా వానా ఆవిడ మీదే. గోత్రనామాలు చెప్పి కూర్చోవడం కాదు, ఎవరికి వాళ్ళు స్వయంగా పసుపునీళ్ళు పోసి కుంకుమ పెట్టొచ్చు. అర్ధరాత్రి నుంచే జనం. ఆ నెలంతా మా సందుల్లో నీళ్ళకి ఇంకా కరువు, ఇంటి బిందెలో సగం అమ్మవారికే. మా అమ్మ "ఆవిడకి పోస్తే ఆవిడ మనకి పోస్తుంది" అనేది. ఆవిడ బావిలో దొరికిన తల్లి కదా, నీళ్ళ సంగతి ఆవిడకి తెలియకపోవడమేంటి అని మా నమ్మకం. బంగారం కొన్నా మొదట అక్కడ చూపించి మెళ్ళో వేసుకోవడమే.

కవ్వళ్ళపులుసు
మా పెళ్ళి పత్రిక మొదటిది అక్కడే పెట్టాం. పెళ్ళికొడుకు మాత్రం లేటుగా వచ్చాడు.

ఫెర్రీరోడ్డు_బావ
నా మనసులో మాట ఒకటి. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరు, మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక నీళ్ళు లేవు. నాలుగో రోజు ట్యాంకరు వచ్చింది. ఐదో అంతస్తు నుంచి దిగి చూస్తే అందరి చేతుల్లో బకెట్లు, టబ్బులు, ఒకాయన చేతిలో ప్రెషర్ కుక్కర్. బిందె ఒక్కళ్ళ దగ్గరా లేదు. మా అమ్మ ఒక్కత్తే ఇత్తడి బిందెతో దిగింది, మెడ మీద ఆవిడ పేరు చెక్కింది. వరసలో నిలబెట్టడం కూడా ఆవిడే నేర్పింది. ఇంజనీర్లు, బ్యాంకువాళ్ళు నోరెత్తకుండా నిలబడ్డారు. మా అమ్మ ఆ వారం రోజులూ ఎంత హుషారుగా ఉందో చెప్పలేను. కరెంటు వచ్చాక మళ్ళీ సీరియల్ ముందు కూర్చుంది.

విశాఖ_ఉప్పుగాలి
ప్రెషర్ కుక్కర్ ఆయన నేనే అయ్యుండొచ్చు. ఏ అపార్ట్‌మెంటు?

రాణిబొమ్మ
కుర్రాడు గారూ, ఉన్నారా? మీ తగువు తెగింది.

మా పెద్దమ్మ కూతురు, మా అప్ప, గాజువాకలో ఉంటుంది, డెబ్భై నాలుగేళ్ళు. నిన్న ఫోన్ చేసి ఆ సందు గురించి అడిగాను. కుళాయి అనగానే "ఏ కుళాయి? పాతదా కొత్తదా?" అంది. నాకు అప్పుడు వెలిగింది.

పాత కుళాయి సందు చివరే. గోడ వారన ఒక నుయ్యి ఉండేదట, అది పూడ్చేసి పక్కన కుళాయి వేశారు. సందు చివర పల్లం కాబట్టి అక్కడికి నీళ్ళు బాగా దిగేవి. తర్వాత ఒక వానాకాలం ఆ మేడ గోడ కూలి కుళాయి మీద పడింది. గొట్టం పగిలి మూడు రోజులు నీళ్ళు వీధిలో పారాయట, పిల్లలంతా స్నానాలు చేశారట. బాగుచేసేటప్పుడు సందు మొదట్లోకి మార్చారు. అప్ప పెళ్ళయి వెళ్ళిపోయిన తర్వాతి ఏడు అది, అంటే 1977 గానీ 78 గానీ. మీకు రెండు మూడేళ్ళు. మీకు గుర్తుండే ప్రసక్తే లేదు.

ఇంకోటి అడిగాను. మీరు నాన్నగారి పేరు రాయలేదు కాబట్టి "డాక్‌లో పనిచేసేవాడు, ఒక కూతురు, తర్వాత కొడుకు" అని చెప్పాను. ఆవిడ ఆగి, "హుక్కు పెట్టే ఆయనా?" అంది.

మీ అప్ప కడుపున ఉన్నప్పుడు మీ అమ్మగారిని బరువులెత్తొద్దన్నారట. అంతకుముందు రెండుసార్లు పోయిందట. దాంతో మీ నాన్నగారే కుళాయి దగ్గరికి వచ్చేవారట. రాత్రి షిఫ్టు దిగి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా. ఆడవాళ్ళ మధ్య ఒక్క మగాడు. "ఆడంగోడు" అని నవ్వేవారట, మా అప్ప కూడా నవ్విందట. ఆయన ఏమీ అనేవారు కాదు. రాత్రి డ్యూటీకి వెళ్తూ వరసలో తన కొక్కెం పెట్టి వెళ్ళేవారట, బస్తాలు లాగే ఇనప కొక్కెం, కర్రపిడిది. అంటే దగ్గర రెండు ఉండేవేమో, ఒకటి పనికి, ఒకటి కుళాయికి. ఎవరి ఇటుక జరిగినా ఆ కొక్కెం మాత్రం జరిగేది కాదట. ముట్టుకోవడానికి భయం.

మీరు పుట్టినప్పుడు కూడా మళ్ళీ అంతేనట.

పునుగుల_ప్లేటు
ఈ పోస్టుకి నా దగ్గర జోకు లేదు.

తెల్లచొక్కా
నా దగ్గరా లేదు.

రెల్లివీధి_మనవడు
అంటే నాన్నగారు సరైన చోటే ఆగారు.

కోటవీధి_కుర్రాడు
నిన్నంతా ఏమీ రాయలేకపోయాను. అప్పకి ఫోన్ చేసి చదివి వినిపించాను. తనకీ తెలీదు. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, ఆవిడ పోయి పదకొండేళ్ళు.

కొక్కెం మా ఇంట్లో ఉంది. పిడి నల్లగా నున్నబడిపోయి ఉంటుంది, అరచేతిలో ఎక్కడ పట్టుకునేవాడో అక్కడ గుంట. మా ఆవిడ బాల్కనీలో దానికి మనీప్లాంట్ కుండీ తగిలించింది. ఇన్నేళ్ళూ అది పోర్టు గుర్తు అనుకున్నాను.

రాత్రి కుండీ దించి, కొక్కెం కడిగి, వంటింట్లో సింక్ కుళాయి కింద గట్టు మీద పెట్టాను. ఏమవుతుందో చూద్దామని నేనూ పడుకోలేదు. నాలుగు దాటి అయిదు నిమిషాలకి లేచాడు. లైటు వేశాడు. గిన్నెలు కదపలేదు. కొక్కెం చూసి, పిడి పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి మళ్ళీ అక్కడే పెట్టాడు. వెనక నేను నిలబడి ఉన్నాను.

"మనది మూడోది. ఇంకా టయిముంది, తొంగో" అన్నాడు.

వెళ్ళి పడుకున్నాడు. నేనూ పడుకున్నాను.

రాణిబొమ్మ
మూడోదే పెట్టారా! ఆయన అసలు సిసలు మా సందువారే.

విశాఖ_ఉప్పుగాలి
కుర్రాడూ, కొక్కెం అక్కడే ఉంచు. మనీప్లాంట్‌కి మేకు కొట్టుకో.

కవ్వళ్ళపులుసు
రాణిబొమ్మ గారూ, గాజువాక అప్పకి మళ్ళీ ఫోన్ చేసినప్పుడు ఆ పునుగుల మామ్మ పచ్చడి అల్లమో ఉల్లిపాయ కారమో కూడా కనుక్కోండి. వీళ్ళిద్దరూ నాకు పర్సనల్ మెసేజీల్లో సాక్ష్యం చెప్పమంటున్నారు.

రాణిబొమ్మ
కనుక్కున్నాను. రెండూ కాదట. పచ్చిమిరపకాయ చింతపండు.

పునుగుల_ప్లేటు
అప్పకి కూడా మతిమరుపు మొదలైనట్టుంది.